పక్క జిల్లాకు, పక్క రాష్ట్రానికి తాత్కాలికంగా వెళ్లే పోలీసు సిబ్బంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడారం జాతర దగ్గర పడినా, ఎన్నికల షెడ్యూలు వెలువడినా, హైదరాబాద్ నిమజ్జనం తేదీ ఖాయమైనా ముందు ఫోను మోగుతుంది, తర్వాత నామినల్ రోల్ (వెళ్లేవాళ్ల పేర్ల జాబితా) తయారవుతుంది, ఆ వెంటనే సందేహాలు మొదలవుతాయి. ఏటా అవే. స్టేషన్ రైటర్లు (రాతపని చూసేవాళ్లు), ఎస్‌హెచ్‌ఓలు (స్టేషన్ ఇన్‌చార్జి అధికారులు), ఆర్‌ఐలు (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్లు), ఎస్పీ కార్యాలయం సెక్షన్ల సిబ్బంది పదేపదే అడిగేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఏ జవాబు చదవడానికీ ఇంకో జవాబు చదవక్కర్లేదు. మీ యూనిట్ అధికారి ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వే చెల్లుతుంది.

## పంపే ముందు

ఓడీ, అటాచ్‌మెంట్, ఆర్డర్ టు సర్వ్, డిప్యుటేషన్... ఇవన్నీ ఒకటేనా?

కావు. నోటిమాటగా అన్నిటినీ ఓడీ అనేస్తుంటాం, తంటా అక్కడే వస్తుంది. బందోబస్తుకు నాలుగైదు రోజులో రెండు వారాలో వెళ్లి రావడం ఓడీ. పోస్టు, జీతం, సెలవు ఖాతా ఏవీ కదలవు. అటాచ్‌మెంట్, ఆర్డర్ టు సర్వ్ అంటే జీతం ఒకచోట, పని ఇంకోచోట. ఇది నెలలు, కొందరి విషయంలో ఏళ్లు కూడా నడుస్తుంది. డిప్యుటేషన్ మీద వేరే శాఖకు వెళ్లేవాళ్లకు కాలపరిమితి, షరతులు రాసిన ఉత్తర్వు విడిగా ఉంటుంది. ప్రభుత్వ నిధి నుంచి కాకుండా బయటి సంస్థ నుంచి జీతం వచ్చేదైతే దాన్ని ఫారిన్ సర్వీస్ అంటారు. చేతికొచ్చిన కాగితంలో వీటిలో ఏ మాట ఉందో చూసి, దాని ప్రకారమే జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) రాయండి.

ఎవర్ని పంపాలో స్టేషన్ తేల్చాలా, ఎస్పీ ఆఫీసు తేలుస్తుందా?

ఎంతమంది, ఏ ర్యాంకు అన్నది పైనుంచి వస్తుంది. పేర్లు మాత్రం చాలాసార్లు స్టేషన్ నుంచే వెళ్తాయి. పేర్లు రాసేటప్పుడు రెండు పొరపాట్లు కనిపిస్తుంటాయి. ఒకటి, ఎదురు చెప్పని కుర్ర కానిస్టేబుల్ పేరే ప్రతిసారీ రాయడం. రెండోది, స్టేషన్‌లో పనికిరాడని ముద్రపడిన మనిషిని వదిలించుకోవడానికి పంపడం. మొదటిదాన్ని ఆపాలంటే ఎవరు ఎప్పుడు, ఏ బందోబస్తుకు వెళ్లొచ్చారో రాసే చిన్న రిజిస్టరు పెట్టండి. అడిగినవాడికి అది చూపిస్తే గొడవ సగం తగ్గుతుంది. రెండో పొరపాటు అవతలి జిల్లావాళ్లకు మొదటి రోల్‌కాల్‌లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీ యూనిట్ పేరు చెబితే వాళ్ల ముఖాలెలా మారతాయో చెప్పక్కర్లేదు.

మా ఎస్‌ఐ పేరు లిస్టులో ఉంది. ఆయన చేతిలో రిమాండ్ కేసులున్నాయి. పంపొచ్చా?

తేదీలు చూడకుండా పంపొద్దు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 187వ సెక్షన్ కింద నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. దర్యాప్తు అధికారి బందోబస్తులో ఉన్నాడంటే కోర్టు ఆ గడువు పెంచదు. పోక్సో, అత్యాచారం కేసుల్లో దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి చేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. అందుకే పేరు ఖాయం కాకముందే ఆయన పెండింగ్ కేసుల్లో ఏ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఒక కాగితం మీద రాయించండి. బందోబస్తు రోజుల్లోనో, తిరిగొచ్చిన వారంలోనో ఏదైనా గడువు ముగుస్తుంటే వేరే పేరు పంపండి. కుదరకపోతే కేసు డైరీతో సహా ఫైలును మరో అధికారికి రాతపూర్వకంగా అప్పగించండి. "ఫోన్లో చెబుతాలే" అన్నది అప్పగింత కాదు.

అందర్నీ పంపేస్తే స్టేషన్‌లో ఎవరుండాలి?

ఎస్‌హెచ్‌ఓ లేనప్పుడు స్టేషన్‌లో ఉన్నవాళ్లలో ఆయన తర్వాతి ర్యాంకు అధికారి ఎస్‌హెచ్‌ఓగా పనిచేయొచ్చు. అయితే ఆయన ర్యాంకు కానిస్టేబుల్ కంటే పైదై ఉండాలని చట్టం నిర్వచనంలోనే ఉంది. అంటే కనీసం ఒక హెడ్ కానిస్టేబుల్ అయినా మిగలాలి. ఎస్‌ఐ, ఏఎస్‌ఐ, హెచ్‌సీలు ముగ్గుర్నీ ఒకే బస్సు ఎక్కిస్తే ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోవడానికి అధికారం ఉన్న మనిషి ఉండడు. లాకప్‌లో ఎవరైనా ఉంటే సెంట్రీ డ్యూటీకీ, మహిళలు వస్తే మాట్లాడడానికి ఒక మహిళా కానిస్టేబుల్‌కీ లెక్క వేసుకోండి. ఎంతమందిని ఇవ్వగలరో నిజాయితీగా ముందే రాసి పంపితే పైవాళ్లు సర్దుకుంటారు. ఇస్తామని చెప్పి చివరి రోజు చేతులెత్తేస్తే ఎవరూ సర్దుకోలేరు.

షుగర్, బీపీ ఉన్నవాళ్లను, గర్భిణుల్ని పంపాలా?

గర్భిణుల పేర్లు రాయనే వద్దు. షుగర్, బీపీ ఉన్నవాళ్లందర్నీ తప్పించడం కుదరదు, ఆ వయసు వచ్చినవాళ్లలో చాలామందికి ఉంటాయి. అయితే నామినల్ రోల్‌లో పేరు పక్కన ఒక గుర్తు పెట్టి, ఎక్కువసేపు నిలబడే పాయింట్ (డ్యూటీ చేసే చోటు) వేయవద్దని అవతలి ఆర్‌ఐకి చెప్పొచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ల మందు ఎండలో బ్యాగులో పడి ఉండకూడదు, క్యాంపులో ఫ్రిజ్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. చూడ్డానికి చిన్న సంగతే గానీ మే నెల ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లకు దాని విలువ తెలుసు.

## బయలుదేరడం, చేరడం

స్టేషన్ పాస్‌పోర్ట్ (డ్యూటీ మీద పంపుతున్నట్టు ఇచ్చే కాగితం) లేకుండా వాట్సాప్ మెసేజ్ చూసి బయలుదేరితే ఏమవుతుంది?

అంతా సవ్యంగా జరిగితే ఏమీ కాదు. దారిలో ప్రమాదం జరిగితే మాత్రం మీరు డ్యూటీ మీదే వెళ్తున్నారని చూపించే కాగితం ఉండదు. స్టేషన్ పాస్‌పోర్ట్‌లో పేరు, నంబరు, ఎక్కడికి, ఎందుకు, ఏ ఉత్తర్వు మీద, ఎన్ని గంటలకు అన్నవి ఉండాలి. జీడీలోనూ అదే సమయం పడాలి. చేరాక అవతలి స్టేషన్‌లోనో, క్యాంపు కార్యాలయంలోనో రిపోర్టు చేసిన సమయం రాయించుకోండి. టీఏ (ప్రయాణ భత్యం) బిల్లుకూ, గాయపడితే వచ్చే సాయానికీ, రేపు ఎవరైనా ఆరోపణ చేస్తే చెప్పుకోవడానికీ ఈ రెండు సమయాలే ఆధారం. హడావిడిలో మెసేజ్ మీదే కదలాల్సి వస్తే, కనీసం ఆ మెసేజ్ నంబరు, వచ్చిన సమయం జీడీలోకి ఎక్కించి కదలండి.

ఆయుధాలతో పంపాలా, లాఠీలతోనా?

అడిగిన జిల్లా ఏం కోరిందో ఉత్తర్వులో ఉంటుంది. లేకపోతే అడిగి రాయించుకోండి. జాతర, నిమజ్జనం లాంటి జనసమ్మర్ద బందోబస్తుకు సివిల్ సిబ్బంది దగ్గర తుపాకులు ఉండడం లాభం కంటే భారమే ఎక్కువ. రాత్రి వాటిని ఎక్కడ భద్రపరచాలన్న ప్రశ్న మొదటిరోజే వస్తుంది. ఆయుధాలు వెళ్తుంటే మాత్రం ఆయుధం నంబరు, తూటాల లెక్క, తీసుకున్నవారి సంతకం బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాల గది) రిజిస్టరులో పడాలి. అదే లెక్క కాపీ ఒకటి బృందం ఇన్‌చార్జి జేబులో ఉండాలి. చేరిన చోట రాత్రిళ్లు అప్పగించే గది, సెంట్రీ ఎవరిదో తేల్చుకున్నాకే బస్సు దిగండి.

బందోబస్తు రేపు ఉదయం ఆరింటికి. తెల్లవారుజామున చేరితే సరిపోదా?

సరిపోదు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడు, ఊరు తెలియనివాడు, ఉదయమే జనంలో నిలబడితే తనకే దారి తెలియదు, ఇంకొకరికి ఏం చూపిస్తాడు? 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజు ఉదయమే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. పెద్ద జనం వచ్చేచోట మొదటి గంటలే గండం. బయటి సిబ్బంది ముందురోజు మధ్యాహ్నానికే చేరాలి. సాయంత్రం వెలుతురు ఉండగా తన పాయింట్ దగ్గరకు నడిచి, లోపలికొచ్చే దారి, బయటికెళ్లే దారి, అంబులెన్స్ ఆగే చోటు, దగ్గర్లోని మెడికల్ క్యాంపు కళ్లతో చూడాలి. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలున్నాయి. సిబ్బందిని పిలిచే ఉత్తర్వులో చేరాల్సిన తేదీని ఒకరోజు ముందుకు జరపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బయటి జిల్లాల నుంచి వందలమంది మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు ఏం సిద్ధం చేయాలి?

బందోబస్తు స్కీమ్ కంటే ముందు పడక, నీళ్లు, మరుగుదొడ్డి, అన్నం చూడండి. వచ్చినవాళ్లు మీ స్కీమ్ ఎంత బాగా గీశారో గుర్తుపెట్టుకోరు. రాత్రి ఎక్కడ పడుకున్నారో పదేళ్లయినా చెప్పుకుంటారు. ప్రభుత్వ పాఠశాల, కల్యాణ మండపం, హాస్టల్ ఏది తీసుకున్నా పడకల లెక్కతో పాటు మరుగుదొడ్ల లెక్కా వేయండి. ఎక్కువసార్లు తప్పేది అదే. మహిళలకు తాళం పడే గది, వెలుతురున్న దారి, వేరే స్నానాల గది విడిగా ఉండాలి. భోజనం పాయింట్ దగ్గరికే వెళ్లాలి. పాయింట్ వదిలి క్యాంపుకొచ్చి తినమంటే ఇద్దరిలో ఒకరు వెళ్తారు, రెండోవాడు ఆకలితో ఉంటాడు, లేదా ఇద్దరూ వెళ్లి పాయింట్ ఖాళీ అవుతుంది.

ప్రతి బృందానికీ ఊరు తెలిసిన లోకల్ కానిస్టేబుల్‌నో హోంగార్డునో ఒకరిని జతచేయండి. చేతికిచ్చే కాగితం ఒక్కటి చాలు: పాయింట్ పేరు, గుర్తు పట్టడానికి పక్కనున్న గుడో దుకాణమో, సెక్టార్ అధికారి (ఆ ప్రాంతం బందోబస్తు చూసే అధికారి) ఫోను, షిఫ్టు సమయం, భోజనం వచ్చే వేళ. మేడారం లాంటి చోట లక్షల జనం ఒక్కసారిగా చేరితే ఫోను కలవకపోవచ్చు, వైర్‌లెస్ ఛానెల్ నంబరు కూడా ఆ కాగితంలోనే రాయండి. బ్రీఫింగ్‌లో పెద్ద అధికారుల ప్రసంగం పది నిమిషాలు మించకపోతే మేలు.

## డ్యూటీలో ఉండగా

మా సీఐ ఒకటి చెబుతున్నాడు, ఇక్కడి సెక్టార్ డీఎస్పీ ఇంకోటి. ఎవరి మాట వినాలి?

డ్యూటీ విషయంలో అక్కడి సెక్టార్ అధికారి మాటే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఎవర్ని ఆపాలి, ఎవర్ని వదలాలి అన్నవన్నీ ఆతిథ్య యూనిట్ చేతిలో ఉంటాయి. మీ యూనిట్ నుంచి వచ్చిన సీఐ మీ బాగోగులు, హాజరు, క్రమశిక్షణ చూస్తాడు. అక్కడి ఆదేశంలో తేడా కనిపిస్తే ఆయన సెక్టార్ అధికారితో మాట్లాడతాడు, మీతో ఇంకో ఆదేశం అమలు చేయించకూడదు. ఫోన్లో సొంత జిల్లా నుంచి వచ్చే సలహాలకైతే పాయింట్ దగ్గర అసలు చోటే లేదు.

పక్క రాష్ట్రంలో మాకు పోలీసు అధికారాలు ఉంటాయా?

ఉంటాయి. 1888 నాటి పోలీసు చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్ర పోలీసు మరో రాష్ట్రంలో విధులు నిర్వహిస్తున్నప్పుడు అక్కడి పోలీసు దళ సభ్యుడిగానే లెక్క. అక్కడివాళ్లకున్న అధికారాలతో పాటు వాళ్లకున్న బాధ్యతలూ ఆయనకు వర్తిస్తాయి. అయితే ఆ రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లేకుండా బయటి పోలీసులు అక్కడ అధికారం చెలాయించడానికి వీల్లేదని రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా 80వ అంశం చెబుతోంది. కాబట్టి అడిగిన ఉత్తరం, పంపిన ఉత్తర్వు రెండింటి నకళ్లూ బృందం ఇన్‌చార్జి దగ్గర ఉండాలి. సరిహద్దు దాటి సొంత కేసు పని చూసుకొద్దామనుకుంటే ఆ కాగితాలు అందుకు పనికిరావు.

బందోబస్తులో దొంగను పట్టుకున్నాను. కేసు నేను కట్టాలా?

మీరు కట్టరు. దగ్గర్లోని స్టేషన్‌కో అవుట్‌పోస్టుకో తీసుకెళ్లి ఎస్‌హెచ్‌ఓకు అప్పగించండి, అప్పగించిన సమయం జీడీలో రాయించండి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న లెక్క పట్టుకున్న క్షణం నుంచే నడుస్తుంది, కాబట్టి "డ్యూటీ అయ్యాక చూద్దాం" అని వ్యాన్‌లో కూర్చోబెట్టొద్దు. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించాలని బీఎన్‌ఎస్‌ఎస్ 36 చెబుతోంది. జాకెట్ కింద నేమ్‌ప్లేట్ దాచుకుంటే రేపు డిఫెన్స్ లాయరుకు అదే మొదటి ప్రశ్న. మీ పేరు, నంబరు, సొంత యూనిట్, శాశ్వత ఫోను నంబరు స్టేట్‌మెంట్‌లో పూర్తిగా రాయించండి. సమన్లు రావడానికి ఏళ్లు పట్టొచ్చు, అప్పటికి మీరు ఎక్కడుంటారో ఎవరికి తెలుసు?

గొలుసు పోయిందని ఒకామె నా దగ్గరికే వచ్చింది. "నేను ఇక్కడివాణ్ని కాదమ్మా" అనొచ్చా?

అనకూడదు. ఆమెకు కనిపించేది ఖాకీ డ్రస్సు, దాని మీది జిల్లా బ్యాడ్జీ కాదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173లో ఉంది. పాయింట్ వదల్లేకపోతే జంట కానిస్టేబుల్‌నో లోకల్ హోంగార్డునో తోడిచ్చి పంపండి.

జనాన్ని చెదరగొట్టమని ఎవరు చెప్పాలి?

బీఎన్‌ఎస్‌ఎస్ 148 ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, ఎస్‌హెచ్‌ఓ, ఎస్‌హెచ్‌ఓ లేనప్పుడు ఎస్‌ఐకి తగ్గని అధికారి. బయటి నుంచి వచ్చిన కానిస్టేబుళ్ల బృందం తనంత తాను లాఠీ ఎత్తడానికి లేదు. బృందంలో ఎస్‌ఐ ఉన్నా, లోకల్ అధికారి అందుబాటులో ఉంటే ఆయన ఆదేశమే తీసుకోవాలి. ఆ ఆదేశం ఏ సమయంలో, ఎవరి నుంచి వచ్చిందో వైర్‌లెస్ లాగ్‌లో పడేలా చూడండి.

ఎన్నికల డ్యూటీలో మేం ఎవరి కింద ఉన్నట్టు?

ఎన్నికల నిర్వహణకు నియమితులైన పోలీసు అధికారులు నోటిఫికేషన్ రోజు నుంచి ఫలితాల ప్రకటన దాకా ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షన్ సారం ఇది. పర్యవేక్షణ, క్రమశిక్షణ కూడా సంఘానివే. పక్క రాష్ట్రాల నుంచి బలగాలను సర్దేటప్పుడు పోలింగ్ తేదీలు కలవకుండా చూసుకోవాలి. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్, కాబట్టి ఒకరినొకరు అడిగే వీలే లేకపోయింది.

మరి నా ఓటు సంగతి?

సొంత నియోజకవర్గం బయట డ్యూటీ పడితే పోస్టల్ బ్యాలెట్ కోసం ఫారం 12 ఇవ్వాలి. సొంత నియోజకవర్గంలోనే డ్యూటీ అయితే ఫారం 12ఏ ఇచ్చి ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకుంటే, డ్యూటీ చేసే పోలింగ్ కేంద్రంలోనే ఓటేయొచ్చు. ఎన్నికల విధుల్లోని వాళ్లు ఫెసిలిటేషన్ సెంటర్‌లో పోస్టల్ బ్యాలెట్ వేయాలని 2023లో నిబంధన మార్చారు. ఆ సెంటర్ తెరిచే తేదీల్లో మీ సిబ్బందికి ఒక పూట విడుపు ఇవ్వడం యూనిట్ అధికారి పని. దరఖాస్తులు ఒక్కొక్కరు తిరిగి ఇచ్చేకంటే స్టేషన్ మొత్తానివి రైటర్ ఒకేసారి సేకరించి ఇస్తే ఎవరిదీ మిగిలిపోదు.

డ్యూటీలో జ్వరం వచ్చింది. ఇంటికి వెళ్లిపోవచ్చా?

చెప్పకుండా వెళ్తే అది గైర్హాజరే. సెక్టార్ అధికారికి చెప్పి, అక్కడి స్టేషన్ నుంచి సిక్ పాస్‌పోర్ట్ (ఆసుపత్రికి పంపే కాగితం) తీసుకుని ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. సిక్‌లో పడినట్టు సొంత యూనిట్‌కూ సమాచారం వెళ్లాలి. పెద్ద ఆసుపత్రికి మార్చాల్సి వస్తే ఆరోగ్య భద్రత (పోలీసుల వైద్య పథకం) కార్డు అవసరం పడుతుంది. ఆ కార్డు ఇంట్లో బీరువాలో కాకుండా ఫోన్లో ఫొటోగానైనా ఉండాలి. విధి నిర్వహణలో తగిలిన గాయమైతే ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 83, 83ఏ కింద ప్రత్యేక వైకల్య సెలవు అడిగే అవకాశం ఉంది. అందుకు గాయం ఎప్పుడు, ఏ పాయింట్‌లో తగిలిందో ఆరోజే జీడీలో పడి ఉండాలి.

ఇంట్లో చావు కబురు వచ్చింది. సెలవు ఎవరివ్వాలి?

సెలవు మంజూరు చేసే అధికారం సొంత యూనిట్‌ది. పాయింట్ నుంచి వదిలే అధికారం అక్కడి సెక్టార్ అధికారిది. ఇలాంటి వేళ ముందు మనిషిని వదిలి, తర్వాత కాగితం రాసుకోవాలి. సెక్టార్ అధికారి వెంటనే విడుదల చేసి జీడీలో రాయించాలి, బృందం ఇన్‌చార్జి సొంత యూనిట్‌కు ఫోను చేయాలి. బస్సో వాహనమో ఏర్పాటు చేయడం కూడా ఆతిథ్య జిల్లా మర్యాదే.

క్యాంపులో ఒక మహిళా కానిస్టేబుల్‌ను వేరే జిల్లా అధికారి వేధించాడు. ఫిర్యాదు ఎక్కడ?

పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టంలో పనిచేసే చోటు అంటే ఉద్యోగ విధుల్లో భాగంగా వెళ్లిన చోటు, యాజమాన్యం ఏర్పాటు చేసిన ప్రయాణం కూడా. కాబట్టి క్యాంపు, బస్సు రెండూ అందులోకి వస్తాయి. ఆమె తన సొంత యూనిట్‌లోని అంతర్గత కమిటీకే ఫిర్యాదు ఇవ్వొచ్చు. నిందితుడు వేరే శాఖవాడైనా బాధితురాలు పనిచేసే చోటి కమిటీ విచారించవచ్చని సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో తీర్పు చెప్పింది. గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు నెలలు. నేరం స్థాయిలో ఉంటే క్రిమినల్ కేసు వేరే. "నాలుగు రోజుల బందోబస్తే కదా, సర్దుకో" అని ఏ ఇన్‌చార్జి అయినా అంటే అతణ్ని ఇంకోసారి బృందానికి పెద్దగా పంపకండి.

## డబ్బు

జీతం, టీఏ, డీఏ (దినభత్యం) ఎవరిస్తారు?

ఓడీ అయితే జీతం సొంత యూనిట్ డీడీఓనే (జీతాలు డ్రా చేసే అధికారి) తీస్తాడు, లాస్ట్ పే సర్టిఫికెట్ (చివరి జీతం ధ్రువపత్రం) కదలదు. టీఏ బిల్లు కూడా సొంత యూనిట్‌లోనే పెట్టాలి. దానికి ఉత్తర్వు నకలు, పాస్‌పోర్ట్, అక్కడి హాజరు ధ్రువీకరణ మూడూ జతచేయాలి. మూడోది తీసుకోవడం మరిచిపోయి, నెల తర్వాత దానికోసం పక్క జిల్లాకు ఫోన్లు చేయడం మామూలైపోయింది. విడుదల చేసే రోజే ఆతిథ్య యూనిట్ ప్రతి బృందానికీ అందరి పేర్లతో ఒకే ధ్రువీకరణ ఇచ్చేస్తే ఈ బాధే ఉండదు. ప్రభుత్వ వాహనంలో వెళ్తే ప్రయాణ ఖర్చు రాదు, ఉచిత భోజనం, వసతి ఇస్తే డీఏ తగ్గుతుంది. బిల్లులో ఆ సంగతి దాచితే ఆడిట్‌లో రికవరీ పడుతుంది.

హోంగార్డులకు ఏమిటి పరిస్థితి?

వాళ్లకు నెల జీతం కాదు, రోజువారీ డ్యూటీ అలవెన్సు. హాజరు పట్టీలో ఒక రోజు పడకపోతే ఆ రోజు డబ్బు పోయినట్టే. అందుకే ప్రయాణానికి పోయే రోజుతో సహా హాజరు పడిందో లేదో బృందం ఇన్‌చార్జి స్వయంగా చూడాలి. అడిగితే ఏమనుకుంటారోనని వాళ్లు అడగరు.

వీక్లీ ఆఫ్‌లు పోయాయి. తిరిగి ఇస్తారా?

పెద్ద బందోబస్తుల్లో వారాంతపు సెలవు ఆపడం మామూలే. తిరిగొచ్చాక విడతలవారీగా ఇవ్వడం ఎస్‌హెచ్‌ఓ చేతిలో పని. వచ్చిన మర్నాడే నైట్ బీట్ వేయకుండా ఉంటే అదే సగం సెలవు.

## ఆరోపణలు వస్తే

పక్క జిల్లా కానిస్టేబుల్ తాగి డ్యూటీకొచ్చాడు. మా ఎస్పీ సస్పెండ్ చేయొచ్చా?

ఓడీ మీద వచ్చినవాళ్లపై శిక్షాధికారం వాళ్ల సొంత యూనిట్ అధికారిదే. మీరు చేయాల్సింది వెంటనే డ్యూటీ నుంచి తప్పించడం, ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించడం, చూసినవాళ్ల వాంగ్మూలాలు తీసుకోవడం, జీడీ నకలుతో నివేదిక పంపడం. వైద్య పరీక్ష లేకుండా "తాగి ఉన్నట్టు కనిపించాడు" అని రాస్తే విచారణలో నిలవదు. సొంత జిల్లా ఎస్పీ ఆ నివేదిక మీద సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) 1991 కింద చర్య తీసుకుంటారు. నేరం జరిగి ఉంటే కేసు మాత్రం జరిగిన చోటే నమోదవుతుంది, అందులో సొంత యూనిట్ అనుమతి ప్రశ్నే రాదు.

లాఠీచార్జిపై నా మీద ప్రైవేటు కేసు వేశారు. ప్రభుత్వ అనుమతి రక్షణ నాకు ఉందా?

బీఎన్‌ఎస్‌ఎస్ 218 రక్షణ అందరికీ ఉంటుందనుకోవడం పెద్ద అపోహ. ప్రభుత్వ అనుమతి లేకుండా ఉద్యోగం నుంచి తొలగించలేని స్థాయి అధికారులకే అది నేరుగా వర్తిస్తుంది. కానిస్టేబుల్, ఎస్‌ఐ మామూలుగా ఆ పరిధిలోకి రారు, శాంతిభద్రతల బలగాలకు వర్తింపజేస్తూ రాష్ట్రం నోటిఫికేషన్ ఇస్తే తప్ప. కానీ చట్టవిరుద్ధ గుంపును 148 నుంచి 150 వరకున్న సెక్షన్ల కింద చెదరగొట్టినందుకు కేసు వేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని 151 చెబుతోంది. అది ర్యాంకు చూడదు. ఆదేశం ఎవరిచ్చారన్న రికార్డు మీకు అండగా నిలిచేది ఇలాంటప్పుడే. నోటీసు వచ్చిన రోజే సొంత యూనిట్ లీగల్ సెక్షన్‌కూ, ఘటన జరిగిన జిల్లాకూ ఇద్దరికీ రాయండి.

## నెలల తరబడి సాగే అటాచ్‌మెంట్లు

రెండేళ్లుగా నగర కమిషనరేట్‌లో పనిచేస్తున్నాను. సీనియారిటీ అక్కడికి మారుతుందా?

మారదు. ఎన్నేళ్లు పనిచేసినా లోకల్ కేడర్ పాత జిల్లాదే. ఆంధ్రప్రదేశ్‌కు 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, తెలంగాణకు 2018 ఉత్తర్వులు ఈ కేడర్ల హద్దులు గీశాయి. ఆర్డర్ టు సర్వ్ కాగితం ఆ గీతను చెరపలేదు. పదోన్నతి ప్యానెల్, శిక్షణకు ఎంపిక, రివార్డుల నమోదు అన్నీ సొంత యూనిట్‌లో జరుగుతాయి, అక్కడి క్లర్కుకు మీ ముఖం గుర్తుండదు. ఏడాదికోసారైనా వెళ్లి సర్వీసు రిజిస్టరు చూసుకోండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాక ఏ జిల్లా మనిషో తమకే తెలియనివాళ్లు చాలామంది తేలారు.

మా మనిషిని వెనక్కి పంపమంటే పంపడం లేదు. ఏం చేయాలి?

ఉత్తర్వులో గడువు లేకపోవడమే దీనికి మూలం. పంపేటప్పుడే తేదీ రాయించండి. ఆ తేదీ దాటాక కొనసాగాలంటే కొత్త ఉత్తర్వు రావాల్సిందే అన్న వాక్యం కూడా చేర్పించండి. ఇప్పటికే ఇరుక్కుపోతే, ఇద్దరు ఎస్పీల మధ్య ఉత్తరాలతో తేలకపోతే రేంజ్ డీఐజీ దగ్గరికి తీసుకెళ్లండి. పని బాగా చేసేవాణ్ని ఎవరూ తేలిగ్గా వదలరు, ప్రత్యామ్నాయంగా ఇంకో పేరు చేతిలో పెట్టుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది.

## తిరిగి వచ్చాక

వచ్చిన రోజు ఏమేం చేయాలి?

పాస్‌పోర్ట్ అప్పగించి జీడీలో రాక రాయించాలి. ఆయుధం, తూటాలు, వైర్‌లెస్ సెట్, షీల్డ్, హెల్మెట్ లెక్క చూసి తిరిగివ్వాలి. ఏదైనా పోయి ఉంటే పోయిన చోటే ఫిర్యాదు ఇచ్చి ఉండాలి, ఇక్కడికొచ్చాక చెబితే విలువ తక్కువ. దర్యాప్తు అధికారులు అప్పగించి వెళ్లిన కేసు ఫైళ్లు అదే రోజు వెనక్కి తీసుకుని, మధ్యలో జరిగినవి కేసు డైరీలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఎప్పుడో జాతరలో పట్టుకున్న కేసుకు ఇప్పుడు సమన్లు వచ్చాయి. అంతదూరం వెళ్లాల్సిందేనా?

సాక్షిగా హాజరు తప్పదు. ప్రభుత్వోద్యోగికి సమన్లు ఆఫీసు అధిపతి ద్వారా రావాలని బీఎన్‌ఎస్‌ఎస్ 68 చెబుతోంది, కాబట్టి యూనిట్‌కు వచ్చిన సమన్లు మీకు అందజేయకుండా ఫైల్లో పెట్టేస్తే తప్పు యూనిట్‌ది. వీడియో ద్వారా సాక్ష్యం ఇవ్వడానికి 530వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి కోర్టును ముందుగా అడిగించండి. వెళ్లాల్సి వస్తే అది డ్యూటీయే, టీఏ వస్తుంది. బయలుదేరే ముందు అప్పటి జీడీ నకలు, మీ స్టేట్‌మెంట్ తెప్పించుకుని చదువుకోండి.

బాగా పనిచేసినవాళ్లకు రివార్డు ఎవరు రాయాలి?

పని చూసిన ఆతిథ్య అధికారి సిఫారసు పంపాలి, సొంత యూనిట్ సర్వీసు రిజిస్టరులో నమోదు చేయాలి. "అందరూ బాగా చేశారు" అన్న ఉత్తరంతో ఎవరికీ రివార్డు రాదు. పేరు, నంబరు, తేదీ, ఏ పాయింట్‌లో ఏం చేశాడన్నది రాయండి. బందోబస్తు ముగిసిన వారంలోగా పంపకపోతే ఆ ఫైలు మళ్లీ ఎవరూ తెరవరు.